పసిబిడ్డల ఒంటిమీది ఎర్రగడ్డలు – తల్లి చెప్పు మాట

(స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగము)



శతాబ్ది ఉత్సవముల సందర్భమున స్త్రీల మైత్రివారు వచ్చి, "పసిబిడ్డల ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పండి, అయ్యగారూ" అని అడిగినప్పుడు మేము వెనుకాడితిమి. మేము వైద్యులము కాము. వేదాంత కళాశాలలో మాకు గ్రీకు నేర్పిరి, హెబ్రీ నేర్పిరి, సంఘ చరిత్ర నేర్పిరి. ఒంటిమీద నీలిగడ్డతో పుట్టిన బిడ్డను ఎత్తుకొని వచ్చిన తల్లితో ఏమి మాటలాడవలెనో మాత్రము నేర్పలేదు. అది మేము రెండు ఇండ్లలో నేర్చుకొంటిమి. మొదటి ఇంటిలో సగము నేర్చుకొని, ఆ సగముతోనే రెండవ ఇంటిలో తప్పు చేసితిమి. ఆ రెండు ఇండ్లవారి అనుమతితో, పేర్లు, ఊర్లు చెప్పకుండ, ఆ సంగతులు మీ ముందు పెట్టుచున్నాము. వైద్యమునకు సంబంధించిన మాటలను మన సంఘస్థురాలైన ఒక పిల్లల డాక్టరుగారు ముందుగా చదివి సరిచూచిరి.

మొదటిది మేము తొలి పాస్టరేటులో ఉన్ననాటి సంగతి. మండు వేసవిలో ఒక ఆదివారము ఒక ఆడబిడ్డను బాప్తిస్మమునకు తీసికొని వచ్చిరి. అంత ఎండలో బిడ్డకు చేతులు నిండుగా ఉన్న ఉన్ని చొక్కా తొడిగిరి. బిడ్డను మా చేతికి అందించుచున్నప్పుడు కూడ నాయనమ్మ ఆ ఎడమచేతి వైపు గుడ్డను విడువకుండ పట్టుకొనియే ఉన్నది. మేము కారణము అడుగలేదు. ఆరాధన ముగిసిన తరువాత మా ఇంటివారు, అనగా మీ అమ్మగారు, బిడ్డకు చెమట పట్టినదని చొక్కా విప్పించి చూచిరి. భుజము క్రింద సగము నిమ్మకాయంత గడ్డ ఉన్నది. నీలము కలిసిన ఎరుపు. దాని చుట్టు సున్నము గీసినట్లు తెల్లని వలయము. పైన సన్నని ఎర్రని దారముల వంటి నరములు. చేయి పెట్టి చూచిన కొంచెము వెచ్చగా ఉన్నది.

"ఎప్పుడు వచ్చింది?" అని అమ్మగారు అడిగిరి.

"పదో రోజున ఎర్రచీమ కుట్టిందమ్మగారూ. అప్పట్నించి ఇలా లేచింది" అని నాయనమ్మ చెప్పెను. బిడ్డ తల్లి తల వంచుకొని ఉన్నది.

దగ్గరి పట్టణములోని డాక్టరుగారికి కూడ అదే మాట చెప్పిరి. ఆయన ఆ మాట నమ్మిరి. నమ్ముట ఆయన తప్పు కాదు. పుట్టిన తరువాత కొన్ని దినములకు కనబడి, పెరుగుచు వచ్చు ఎర్రగడ్డలు పసిబిడ్డలలో సాధారణమే. వాటికి ప్రొప్రనలాల్ అను మందు ఇత్తురు. ఆయనయు అదే వ్రాసిరి. ఆ తల్లి నాలుగు నెలలు పూట తప్పకుండ మందు పట్టించెను. గడ్డ పెరుగలేదు, తరుగలేదు. ఉన్నది ఉన్నట్లే ఉన్నది.

చివరకు నగరములోని పెద్ద ఆసుపత్రికి వెళ్లిరి. అమ్మగారు కూడ తోడు వెళ్లిరి. అక్కడి డాక్టరమ్మగారు గడ్డను చూచి, నొక్కి, ఒక నిమిషము ఊరకుండి, నాయనమ్మతో "పెద్దమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి" అనెను. తలుపు వేసిన తరువాత తల్లిని అడిగెను: "చెప్పమ్మా. కాన్పు గదిలో బిడ్డను నీకు మొదటిసారి చూపించినప్పుడు ఈ గడ్డ ఉందా, లేదా?"

అంతే, ఆ పిల్ల భోరున ఏడ్చినది. ఉన్నది. పుట్టినప్పుడే ఇంత గడ్డ ఉన్నది. తమ్ముని ఫోనులో ఆ రోజు తీసిన ఫోటో కూడ ఉన్నది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణమునాడు బయటికి వచ్చినందుకే ఈ గడ్డ అని అత్తగారు అన్నది. ఊరిలో తెలిసిన పరువు పోవునని చీమ మాట కల్పించినదియు ఆమెయే. "పుట్టుకతోనే ఉందని చెబితే నా కాపురం ఏమవుతుందోనని భయపడ్డాను మేడమ్" అని ఆ తల్లి చెప్పినదట. ఆ రాత్రి అమ్మగారు ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పి అన్నము తినలేదు.

ఆ ఒక్క జవాబుతో రోగము పేరే మారిపోయినది. డాక్టరమ్మగారు స్కానింగులో రక్తము పారు తీరును కూడ చూచి, ఇది మామూలు హెమాంజియోమా కాదు, పుట్టుకతో వచ్చు హెమాంజియోమా అని చెప్పి ఆ మందు మాన్పించిరి.

ఈ రెంటికి గల భేదమును మాకు అర్థమైనంతవరకు చెప్పెదము. మామూలు హెమాంజియోమా అనునది రక్తనాళముల లోపొర కణములు ఎక్కువగా పెరుగుట వలన వచ్చు గడ్డ. ఇది నూటికి నలుగురైదుగురు పసిబిడ్డలలో కనబడును. ఆడపిల్లలలోను, నెలలు నిండక పుట్టినవారిలోను ఎక్కువ. పుట్టినప్పుడు ఏమియు ఉండదు, లేదా చిన్న పాలిపోయిన మచ్చ ఉండును. రెండు మూడు వారములలో ఎర్రబడి, మొదటి మూడు నెలలలో వేగముగా పెరిగి, ఏడాది వయస్సు తరువాత మెల్లమెల్లగా కరుగును. నాలుగేండ్లు వచ్చుసరికి చాలామట్టుకు తగ్గిపోవును.

పుట్టుకతో వచ్చు హెమాంజియోమా అట్లు కాదు. అది చాల అరుదు. తల్లి గర్భములోనే పెరిగి, పెరుగుట ముగించుకొని, పూర్తి గడ్డగా బిడ్డతో కూడ బయటికి వచ్చును. కొన్నిసార్లు గర్భిణికి తీయు స్కానింగులోనే కనబడును. ఆడ మగ భేదము లేదు. వాటిలో కొన్ని త్వరగా కరిగి, ఏడాది తిరుగక మునుపే అణగిపోయి, ఆ చోట పలుచని ముడుత చర్మమును మిగుల్చును. కొన్ని ఎప్పటికిని కరుగవు. బిడ్డ పెరిగిన కొలది బిడ్డతో సమానముగా పెరుగును. మరికొన్ని కొంత కరిగి ఆగిపోవును. వీటికి ప్రొప్రనలాల్ పని చేయదు. చాలామట్టుకు కనిపెట్టి చూచుట, పుండు పడినను రక్తము కారినను చికిత్స చేయుట, కరుగనిదైతే అవసరమును బట్టి తరువాత ఆపరేషను చేసి తీయుట, ఇవే మార్గములు. పెద్ద గడ్డ అయితే దాని గుండ ఎక్కువ రక్తము పారి పుట్టిన బిడ్డ గుండెకు భారమగును గనుక దానిని వెంటనే పరీక్షింపవలెను. కొంచెము ముక్క తీసి పరీక్షించినప్పుడు కూడ భేదము తెలియును: మామూలు హెమాంజియోమా కణములలో గ్లట్-1 అను ఒక ప్రోటీను కనబడును, పుట్టుకతో వచ్చుదానిలో అది ఉండదు. మామూలు హెమాంజియోమాలో ఆ ప్రోటీను కనబడునను సంగతి 2000లో తెలిసినది.

ఆ ప్రొప్రనలాల్ మందు కథ కూడ వినదగినది. అది గుండెజబ్బుకు, రక్తపోటుకు 1960ల నుండి వాడుచున్న మందు. ఫ్రాన్సు దేశమందలి బోర్డో నగరములో ముక్కుమీద హెమాంజియోమా ఉన్న ఒక బిడ్డకు స్టెరాయిడ్లు ఇచ్చుచుండగా గుండె కండరము మందమైనది. గుండె కొరకు ప్రొప్రనలాల్ మొదలుపెట్టిరి. మరునాటికే ఎర్రగడ్డ రంగు మారి మెత్తబడినది! లేయోతే-లాబ్రేజ్ అను డాక్టరమ్మగారు, ఆమె తోటివారు దానిని గమనించి, 11 మంది బిడ్డల అనుభవమును 2008లో ప్రకటించిరి. అప్పటినుండి ప్రపంచమంతట ఈ చికిత్స మారిపోయినది. అయితే ఇది ఇంటిలో మనంతట మనము పోయు మందు కాదు. పాలు త్రాగని వేళ ఇచ్చిన బిడ్డకు రక్తములో చక్కెర పడిపోవచ్చును. పిల్లికూతలు వచ్చు బిడ్డకు ఊపిరి కష్టము కావచ్చును. డాక్టరు కొలత చెప్పవలెను, పాలతో కూడ ఇయ్యవలెను, వాంతులగుచున్న రోజున ఆపవలెను.

ఇక గ్రహణము మాట. ఈ నింద మన భాషలోనే నిలిచిపోయినది. పెదవి చీలి పుట్టిన బిడ్డను చూచి మనము "గ్రహణము మొర్రి" అనుచున్నాము. రోగము పేరులోనే తల్లి మీద నేరము మోపుచున్నాము. పుట్టుకతో వచ్చు హెమాంజియోమాలలో జీ-ఎన్-ఏ-క్యూ, జీ-ఎన్-ఏ-11 అను రెండు జన్యువులలో ఏదో ఒకదానియందు ఒక అక్షరము మారియుండుటను శాస్త్రజ్ఞులు 2016లో కనుగొనిరి. ఆ మార్పు తల్లినుండి వచ్చినది కాదు, తండ్రినుండి వచ్చినది కాదు. గర్భములో బిడ్డ రూపము దిద్దుకొనుచుండగా ఒకానొక కణములో జరిగిన మార్పు. ఆ గడ్డలో తప్ప బిడ్డ ఒంటిలో మరెక్కడను ఉండదు. సూర్యునికిని, చంద్రునికిని, కూర తరిగిన కత్తిపీటకును దానితో ఏ సంబంధము లేదు. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్న మీకు తెలియును, ప్రభువు దానికిచ్చిన జవాబు కూడ తెలియును. యోహాను సువార్త 9వ అధ్యాయమును మనము ఏటేట చదువుచునే ఉన్నాము. చదివి ఇంటికి పోయి కోడలిని అదే ప్రశ్న అడుగుచున్నాము.

ఆ ఇంటిలో నాయనమ్మను మేము గద్దింపలేదు. ఆమె కూడ భయముతోనే చేసినది. కాని ఒకటి చూడుడి: నింద పడిన తల్లి తేదీని దాచును. తేదీ దాచిన డాక్టరుకు దారి తప్పును. ఆ బిడ్డకు నాలుగు నెలల మందు వృథా అయినది, అంతే. మరొక బిడ్డకైతే అంత తేలికగా పోకపోవచ్చును.

ఆ ఆడబిడ్డ గడ్డ కరుగని జాతిది అని తేలినది. దానివలన ప్రాణభయము లేదు. అదిగో, అక్కడే మేము సగము పాఠము నేర్చుకొంటిమి: "ఇట్టి గడ్డలు ప్రమాదము కావు, ఓర్పుతో ఉండవలెను."

మూడేండ్ల తరువాత వేరొక పాస్టరేటులో, ఒక ఆదివారము ఆరాధన తరువాత ఒక తల్లి రెండు నెలల మగబిడ్డను ఎత్తుకొని మా యొద్దకు వచ్చెను. బిడ్డ తొడమీద ఎరుపు గోధుమ కలిసిన మచ్చ, దాని అడుగున గట్టి గడ్డ. ఈమె ఏమియు దాచలేదు. పుట్టినప్పుడు అరచేతిలో సగమంత మచ్చ ఉన్నదని, ఇప్పుడు గట్టిబడుచున్నదని చెప్పెను. వారమునకు ఒకసారి తొడ చుట్టు దారము చుట్టి కొలిచి, కొలత దగ్గర ముడి వేసినదట. ఆ దారమును కొంగున కట్టుకొని వచ్చి మాకు చూపించెను. "నిన్నటికన్నా ఇవాళ గట్టిగా ఉందయ్యగారూ. నాకు భయంగా ఉంది" అనెను.

మేము నవ్వి, మునుపటి బిడ్డ సంగతి చెప్పితిమి. "ఇవి వాటంతట అవే సర్దుకుంటాయమ్మా. రోజూ కొలవకు, మనసు పాడవుతుంది" అంటిమి. ప్రార్థన చేసి పంపితిమి. అయ్యగారు చెప్పిరి గనుక ఆమె ఆగినది.

శనివారము రాత్రి ఫోను వచ్చినది. మేము వెళ్లి చూచునప్పటికి తొడ అంతయు ఉబ్బి, నేరేడుపండు రంగు తిరిగి, చర్మము బిగిసి నిగనిగలాడుచున్నది. పొట్టమీద చిన్న చిన్న ఎర్రచుక్కలు. వ్రేలితో నొక్కినను మాయము కాలేదు. ఆసుపత్రిలో సూది గుచ్చిన చోట రక్తము ఆగలేదు. రక్తము గడ్డకట్టుటకు అవసరమైన ప్లేట్‌లెట్లు మామూలుగా లక్షా యాభై వేలకు పైగా ఉండవలెను. ఆ బిడ్డకు తొమ్మిది వేలు ఉన్నవి.

దీని పేరు చాల పొడుగు. కపోసిఫార్మ్ హెమాంజియోఎండోథీలియోమా. 1993లో ఆ పేరు పెట్టిరి. ఏటేట లక్షమంది పిల్లలలో ఒక్కరికన్న చాల తక్కువమందికి వచ్చును. ఇది ఇతర అవయవములకు విత్తనములు చల్లు క్యాన్సరు కాదు. కాని ఉన్న చోట చర్మములోనికి, కండలోనికి, కొన్నిసార్లు ఎముక వరకు చొచ్చుకొని పోవును. దీని అసలు అపాయము వేరు. గడ్డలోని వంకర రక్తనాళములు ప్లేట్‌లెట్లను పట్టి లోపలనే ఉంచుకొనును. ఒంటిలో అవి కరవై రక్తస్రావము వచ్చును. 1940లో న్యూయార్కులో కసాబాక్, మెరిట్ అను ఇద్దరు వైద్యులు ఇట్టి ఒక పసిబిడ్డ సంగతి వ్రాసినందున దీనికి వారి పేర్లే నిలిచినవి. అటుతరువాత 50 ఏండ్లకు పైగా మామూలు హెమాంజియోమా పెద్దదైనప్పుడు ఇట్లగునని వైద్యులే అనుకొనిరి. కాదు, ఇది వేరు జాతి గడ్డలలో మాత్రమే వచ్చునని 1997లో తేల్చిరి. వైద్యులకే అంతకాలము పట్టినదని మేము ఇప్పుడు చెప్పుట మమ్మును మేము సమర్థించుకొనుటకు కాదు. మాకు తెలియదు అను మాట ఆ ఆదివారమే మా నోట రావలసినది.

ఆ రాత్రియే బిడ్డను పెద్ద ఆసుపత్రికి తరలించిరి. అక్కడ ఒక సంగతి మమ్మును ఆశ్చర్యపరచినది. ప్లేట్‌లెట్లు తక్కువైనప్పుడు ఎక్కించవలెను గదా అని మేము రక్తదాతలను పోగుచేయుచుంటిమి. డాక్టరుగారు వద్దనిరి. ఎక్కించినవి కూడ గడ్డలోనికే పోయి చిక్కుకొని దానిని ఇంకను ఉబ్బించునట. ప్రాణాపాయకరముగా రక్తము కారుచున్నప్పుడు, లేదా ఆపరేషనుకు ముందు మాత్రమే ఎక్కింతురట. ముక్క తీసి పరీక్షించుట కూడ అప్పుడు వద్దనిరి. రక్తము ఆగదు గనుక. ఎమ్మారై తీసి, రక్తపరీక్షలు చూచి, రోగమును నిర్ధారించి స్టెరాయిడ్లు, సిరోలిమస్ అను మందు మొదలుపెట్టిరి.

సిరోలిమస్ పుట్టుక కూడ విచిత్రమే. పసిఫిక్ మహాసముద్రము నడుమ ఈస్టర్ దీవి కలదు. అక్కడివారు దానిని రాపా నుయ్ అందురు. 1964లో కెనడానుండి వెళ్లిన పరిశోధకులు అక్కడి మట్టిని తెచ్చిరి. ఆ మట్టిలోని ఒక సూక్ష్మజీవి చేయు పదార్థమును మాంట్రియల్ నగరములో మన దేశమునుండి వెళ్లిన సురేంద్రనాథ్ సెహగల్ గారును, వారి తోటివారును వేరుచేసిరి. మొదట అది కిడ్నీ మార్పిడి చేయించుకొన్నవారి మందు. ఇప్పుడు మన ఊరి బిడ్డ తొడలోని గడ్డను అణచినది. ఈ మందు రోగనిరోధక శక్తిని తగ్గించును గనుక రక్తములో దాని మోతాదును తరచు పరీక్షింపవలెను, టీకాల విషయము డాక్టరును అడిగియే చేయింపవలెను, జ్వరము వచ్చిన ఆ రోజే చూపింపవలెను.

రెండు వారములలో ప్లేట్‌లెట్లు లక్ష దాటినవి. మందు దాదాపు రెండేండ్లు వాడిరి. బిడ్డ ఇప్పుడు బడికి పోవుచున్నాడు. తొడమీద కందిన మచ్చ ఉన్నది, ప్రొద్దుట లేచినప్పుడు మోకాలు కొంచెము బిగుసుకొనును. గడ్డ పూర్తిగా పోలేదు. తల్లి రోజూ కాలు చాపించి వ్యాయామము చేయించును.

ఆసుపత్రిలో ఉండగానే మేము ఆమెకు క్షమాపణ చెప్పితిమి. ఆమె కోపగించుకొనలేదు. "నేను చెప్పాను గదయ్యగారూ" అని మాత్రము అన్నది. ఆ దారమును అక్కడి డాక్టరుగారు అడిగి తీసికొని, ముడులను స్కేలుతో కొలిచి కేసు కాగితములో వ్రాసికొనిరి. మేము వద్దన్న దారము.

తల్లులారా, నాయనమ్మలారా, అమ్మమ్మలారా, బిడ్డ పుట్టిన రోజుననే ఒళ్లంత చూచుడి. మచ్చగాని గడ్డగాని కనబడిన పక్కన ఒక స్కేలు పెట్టి ఫోటో తీయుడి. తరువాత కనబడినదైతే ఆ తేదీని క్యాలెండరులో వ్రాయుడి. కంటి దగ్గర, ముక్కు కొనమీద, పెదవిమీద, గడ్డము క్రింద, నడుము దిగువ వెన్నుమీద వచ్చిన ఎర్రగడ్డ చిన్నదైనను ఆగక చూపింపవలెను. చూపు పోవుట, గాలి ఆడకపోవుట ఉండవచ్చును. ఐదు, లేదా అంతకన్న ఎక్కువ ఉన్న లోపల కాలేయములో కూడ ఉన్నవేమో స్కాను చేసి చూతురు. వేచి చూడవలెనా, మందు ఇయ్యవలెనా అనునది కూడ డాక్టరే నిర్ణయింపవలెను. బిడ్డకు నెల నిండకముందే చూపించుట మంచిది, ఏలయనగా గడ్డ అతివేగముగా పెరుగు కాలము ఆ వెంటనే వచ్చును. గడ్డ ఉన్నట్టుండి గట్టిబడి, నల్లబడి, ఉబ్బినచో, ఒంటిమీద చుక్కలు వచ్చినచో తెల్లవారువరకు ఆగకుడి. పుట్టినప్పటినుండి ఉన్న గట్టి గడ్డ అయితే, అది రక్తనాళములదే అని పైపైన అనుకొనకూడదు. అరుదుగా వేరు రకపు క్యాన్సరు గడ్డలు కూడ ఆ వేషములో వచ్చును గనుక పరీక్షలు చేయించవలెను. సున్నము పూయుట, వాత పెట్టుట, దారముతో బిగించి కట్టుట చేయకుడి. మొన్న ఒక ఇంటిలో వాత పెట్టిన గడ్డ పుండై చీము పట్టుటను చూచితిమి. ప్రార్థనకు మమ్మును పిలువుడి, తప్పక వత్తుము. ఆసుపత్రికి పోవు దారిలో పిలిచినను వత్తుము.

గర్భిణిగా ఉన్నప్పుడు ఏమి చేసితివి అని మాత్రము ఎవ్వరును ఆ తల్లిని అడుగవద్దు. ఎప్పుడు కనబడినది అని అడుగుడి.

మా ప్రసంగము ఇంతే. భోజనముల తరువాత మన డాక్టరుగారు వెస్ట్రీ గదిలో కూర్చుందురు. ఇందాక వెనుక బెంచీలలో ఇద్దరు ముగ్గురు తల్లులు బిడ్డలను గుడ్డలో చుట్టుకొని ఉండుట చూచితిమి. గది తలుపు వేసియే ఉండును, లోపల అమ్మగారు తప్ప మరెవ్వరు ఉండరు. గుడ్డ విప్పి చూపించుడి.